తవుడులో దొరికిన ఎంజైమ్, సంచిలో దాగిన బూజు

కోళ్ల దాణాలో కలిపే మొక్కజొన్న డీడీజీఎస్ సంచి విప్పి గుప్పెడు చేతిలోకి తీసుకుంటే, దాన్ని పంపిన ఫ్యాక్టరీ గుట్టు సగం అక్కడే తెలిసిపోతుంది. బంగారు పసుపు రంగులో ఉండి, పులిసిన పిండి వాసన వస్తే ఆరబెట్టడం సవ్యంగా జరిగినట్టే. కాఫీపొడి రంగుకు తిరిగి మాడువాసన కొడుతుంటే వేడి ఎక్కువైందని అర్థం. కోడికి కావలసిన లైసిన్ అనే అమైనో ఆమ్లంలో చాలా భాగం ఆ వేడికే చెడిపోయి ఉంటుంది. మిగతా సగం గుట్టు కంటికీ ముక్కుకూ అందదు. ఈ కథంతా ఆ సగం గురించే.

డీడీజీఎస్ అంటే ఇథనాల్ తీయగా మిగిలిన గింజ పిప్పి. మన కోళ్లఫారాల్లో ఇది ముఖ్యమైన సరుకు కావడం ఇటీవలి ముచ్చటే. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం దీనికి మూలం. 2023 జూలైలో ఇథనాల్ ఫ్యాక్టరీలకు ఎఫ్‌సీఐ బియ్యం ఆగిపోయింది. అదే ఏడాది డిసెంబరులో చెరకు రసంపై ఆంక్షలు వచ్చాయి. 2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్ ధరను లీటరుకు 71.86 రూపాయలకు పెంచారు. దాంతో కోడి తినే గింజకు కారు పోటీకి వచ్చింది. టన్ను మొక్కజొన్న నుంచి దాదాపు 380 లీటర్ల ఇథనాల్ పోగా, 300 కిలోల పైచిలుకు పిప్పి మిగులుతుంది. గింజ ధర పెరిగి కుదేలైన కోళ్ల రైతుకు ఆ పిప్పే చవగ్గా దొరుకుతోంది.

చిక్కు ఇక్కడే ఉంది. పులియబెట్టినప్పుడు పోయేది గింజలోని పిండిపదార్థం మాత్రమే. మాంసకృత్తులు, పీచు, భాస్వరం దాదాపు మూడింతలై పిప్పిలో చేరతాయి. గింజకు బూజు పట్టి ఉంటే ఆ బూజు విషం కూడా అదే లెక్కన చేరుతుంది. పీచునూ భాస్వరాన్నీ కోడికి అరిగేలా చేయడానికి ఎంజైమ్ పొట్లాలు ఉన్నాయి. విషం మాట వచ్చేసరికి వాటిలో చాలావాటికి నోరు పెగలదు. ఈ రెండు విషయాలూ దాణా వ్యాపారంలో ఎందుకో ఒకే గాటన కట్టేసి కనిపిస్తాయి. నిజానికి వాటి చరిత్రలు వేరు.

ఎంజైమ్ చరిత్ర తవుడుతో మొదలవుతుంది. 1890లలో జావాలో పనిచేసిన డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు చేరిన మేత పెడితే మళ్లీ లేవడం గమనించాడు. విటమిన్ల శాస్త్రానికి దారి వేసిన ఆ గమనికకు 1929లో నోబెల్ బహుమతి దక్కింది. జపాన్‌లో ఉమెతారో సుజుకి కూడా తవుడునే పట్టుకుని కూర్చున్నాడు. బి1 విటమిన్‌ను వేరుచేసే పనికంటే ముందే, 1907లో, ఆయనా ఆయన సహచరులూ తవుడులో మరొక పదార్థాన్ని కనుగొన్నారు. గింజలోని ఫైటేట్‌ను విరగ్గొట్టి భాస్వరాన్ని విడుదల చేసే ఎంజైమ్ అది. దాని పేరు ఫైటేజ్.

మొక్కజొన్నలోనూ సోయాచెక్కలోనూ ఉన్న భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విప్పుకునేంత ఫైటేజ్ కోడి పేగులో లేదు. దాణాలో భాస్వరం ఉన్నా కోడికి అందదు, రెట్టలో బయటికి పోతుంది. ఎముకకూ గుడ్డు పెంకుకూ లోటు రాకూడదని రైతు మళ్లీ డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) అనే భాస్వరం పొడి కొని కలుపుతాడు. ఒకే సరుకుకు రెండుసార్లు డబ్బు కడుతున్నట్టు.

ఈ భాస్వరం లెక్కలో మనవాడొకడు ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఫైటేజ్ ఎంత చురుగ్గా ఉందో తేల్చాలంటే అది నిమిషంలో ఎంత భాస్వరం విడుదల చేసిందో కొలవాలి. ఆ పనికి ప్రయోగశాలలు చాలాకాలం ఆ నీలిరంగునే నమ్ముకున్నాయి. చుట్టూ కోళ్లఫారాలున్న గోదావరి జిల్లాల్లో ఈ సంగతి ఎక్కువగా చెప్పుకోకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

సుబ్బారావు పేరు దాణా చరిత్రలో మరోచోట, కాస్త ఇబ్బందికరంగా, తగులుతుంది. ఆయన పరిశోధన విభాగాన్ని నడిపిన లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. సుబ్బారావు ఆ ఆగస్టులోనే కన్నుమూశారు. తర్వాత అదే సంస్థలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ బి12 విటమిన్ కోసం ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన మడ్డిని కోడిపిల్లలకు పెట్టి చూశారు. పిల్లలు అనుకున్న దానికంటే వేగంగా పెరిగాయి. ఆ పెరుగుదలలో మడ్డిలో మిగిలిన యాంటీబయాటిక్‌ది పెద్ద వాటా అని తేలింది. అక్కడి నుంచి దశాబ్దాలపాటు యాంటీబయాటిక్‌ను మందుగా కాక మేత దినుసుగా వాడారు. స్వీడన్ 1986లో, ఐరోపా యూనియన్ మొత్తం 2006లో దీన్ని ఆపాయి. మన దేశంలో 2019 జూలైలో ఆహార పశువులకూ కోళ్లకూ కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించారు. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకున్న మందు అది. అది పోయిన ఖాళీలో ఎంజైమ్‌ల ప్రచారం ఊపందుకుంది. ఎంజైమ్ యాంటీబయాటిక్‌కు ప్రత్యామ్నాయమంటే మాత్రం సగమే నిజం. అరగని మేత పేగు చివరికి చేరకుండా చూస్తే చెడు బ్యాక్టీరియాకు తిండి తగ్గుతుంది, అంతవరకే.

1907లో దొరికిన ఫైటేజ్ అంగట్లోకి రావడానికి 1991 దాకా పట్టింది. రప్పించింది రైతు అవసరం కాదు, నెదర్లాండ్స్ చట్టాలు. పందుల, కోళ్ల పెంట పొలాల్లో పోసీ పోసీ నేలా నీరూ భాస్వరంతో నిండిపోతే, అక్కడి ప్రభుత్వం పెంటలోని భాస్వరానికి హద్దులు పెట్టింది. దాణాలోనే భాస్వరం తగ్గించే దారి కోసం వెతికితే ఫైటేజ్ గుర్తుకొచ్చింది. మనకు అలాంటి ఒత్తిడేమీ లేదు. ఇక్కడ ఫైటేజ్‌కు తలుపు తెరిచింది డీసీపీ ధర. 2008లో ప్రపంచ మార్కెట్లో రాక్ ఫాస్ఫేట్ ధర ఆకాశానికంటినప్పుడు, లెక్క తెలిసిన ప్రతి రైతూ ఆ పొట్లం వైపు చూశాడు. కిలో దాణాకు 500 యూనిట్ల ఫైటేజ్ పడితే కోడికి అందే భాస్వరం సుమారు 0.1 శాతం పెరుగుతుంది, అంటే టన్నుకు ఒక కిలో. డీసీపీలో భాస్వరం 18 శాతం కాబట్టి, టన్నుకు ఐదున్నర కిలోల డీసీపీ మిగిలినట్టు.

పీచును విరగ్గొట్టే ఎంజైమ్‌లది వేరే దారి. బార్లీ తిన్న కోడికి పేగులో జిగురు పెరిగి రెట్ట బంకగా వస్తుంది. ఆ బాధ తీర్చడానికి 1980లలో ఫిన్లాండ్‌లో బీటాగ్లూకనేజ్ దాణాలోకి వచ్చింది. మొక్కజొన్న, సోయా తినే మన కోడికి ఆ జిగురు బాధే లేదు. అక్కడ మెరుగు చూపిన పొట్లం ఇక్కడా అంతే చూపుతుందని అమ్మితే నమ్మనక్కర్లేదు. నూనె తీసిన తవుడు, డీడీజీఎస్ ఎక్కువ పడిన దాణాలో జైలనేజ్ అనే పీచు ఎంజైమ్‌కు కాస్త పని దొరుకుతుంది.

ఇక బూజు సంగతి. తొలి వాణిజ్య ఫైటేజ్ ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజు నుంచి వచ్చింది. నిల్వ ఉల్లిపాయ పొరల మధ్య మసిలా కనిపించే నల్ల బూజు చాలావరకు అదే. దాని దాయాది ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, పచ్చని పసుపు రంగులో వేరుశనగ మీదా మొక్కజొన్న మీదా పెరుగుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. తెలియని జబ్బు కాబట్టి ‘టర్కీ ఎక్స్’ అన్నారు. ఆరా తీస్తే అది బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజు విషమని తేలింది. ఆస్పర్జిల్లస్‌లోని మొదటి అక్షరం, ఫ్లేవస్‌లోని ముందు భాగం కలిపి దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు.

మన దేశంలో అది కోళ్లతో ఆగలేదు. 1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ ప్రాంతాల గిరిజన పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్లతో పడిపోయారు, వారిలో 106 మంది చనిపోయారు. అదే తిండి తిన్న కుక్కలూ చచ్చిపోయాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి కారణం పట్టారు. ఐరోపా పరిమితులు కఠినం చేశాక మన వేరుశనగ చెక్కకు అక్కడ గిరాకీ తగ్గింది. మధ్యప్రదేశ్‌లో సోయా సాగు పెరిగి, ఇక్కడి దాణాలోనూ సోయాచెక్కది పైచేయి అయింది. అయితే దాని మీదే ఆధారపడటానికీ వెల ఉంది. 2021లో సోయాచెక్క ధర విపరీతంగా పెరిగి, ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయాచెక్క దిగుమతికి కేంద్రం అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. డీడీజీఎస్‌కు తలుపులు తెరుచుకున్న వాతావరణం ఇది.

అఫ్లాటాక్సిన్ తిన్న కోడి వెంటనే చావకపోవచ్చు. కాలేయం పాలిపోయి పసుపెక్కుతుంది, గుడ్లు తగ్గుతాయి, వేసిన టీకా పట్టదు. రైతు టీకానే తిట్టుకుంటాడు. దీనికి సాధారణంగా వాడేది బెంటొనైట్ అనే మట్టి. అది విషాన్ని పేగులో అంటిపెట్టుకుని రెట్టలో బయటికి తీసుకెళ్తుంది. అయితే అఫ్లాటాక్సిన్‌ను బాగా పట్టే ఆ మట్టి కొన్ని ఇతర బూజు విషాలను సరిగా పట్టలేదు. ఫ్యుమోనిసిన్ అనే మరో బూజు విషాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి వచ్చింది, అదీ ఆ ఒక్కదానికే.

మన ప్రమాణం ప్రకారం కోడి దాణాలో అఫ్లాటాక్సిన్ బి1 20 పీపీబీ మించకూడదు, అంటే టన్నులో 20 మిల్లీగ్రాములు. అది కూడా టన్ను అంతటా సమంగా పరుచుకుని ఉండదు. ఒక కండెలో నాలుగు గింజలకు పట్టిన బూజు ఒక సంచిలో పడితే, పక్క సంచిలో ఏమీ ఉండదు. ఒకే సంచి నుంచి గుప్పెడు తీసి ల్యాబ్‌కు పంపి, ‘సున్నా వచ్చింది’ అని ఊపిరి పీల్చుకోవడం అందుకే పొరపాటు. పది పదిహేను సంచుల నుంచి బొంబు (సంచిలోంచి నమూనా లాగే గొట్టం) గుచ్చి తీసి, కలిపి, పొడి చేసి పంపాలి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో కోసి, తారు రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్నను కొనేటప్పుడు వ్యాపారి గింజను పంటికింద కొరికి చూస్తాడు. 14 శాతం తేమకూ 17 శాతానికీ ఉన్న తేడాను కొందరు పండితులు పంటితోనే చెప్పేస్తారు కూడా. అంతటి పన్ను లేనివాళ్లకు తేమ మీటరు ఉంది. అది దొరికేది ఎంజైమ్ పొట్లాలు అమ్మే ఊళ్లోనే.

గుడ్ల కోళ్లు పెంచే లేయర్ ఫారాల్లో సొంత మిక్సర్‌తో దాణా కలుపుకునేవారు చాలామంది. ఆ దాణా మీద లేబుల్ ఉండదు, బయటివాళ్ల తనిఖీ అరుదు. టన్నుకు పడే ఫైటేజ్ సాధారణంగా 100 గ్రాములు, చారెడు పొడి. దాన్ని నేరుగా టన్ను దాణాలో వేస్తే ఒక మూల గుట్టగా మిగులుతుంది. అందుకని ముందు నాలుగైదు కిలోల నూనె తీసిన తవుడులో బాగా కలిపి, ఆ తర్వాతే మిక్సర్‌లో పోస్తారు.