కిందికి దించిన పాత వోక్స్‌వాగన్ బస్సుకు రిమ్ములు, టైర్లు: అపోహలు - వాస్తవాలు

పాత వోక్స్‌వాగన్ వ్యాన్‌ను కిందికి దించాలని, అంటే సస్పెన్షన్ మార్చి బాడీని రోడ్డుకు దగ్గర చేయాలని అనుకోగానే చాలామంది ముందు రిమ్ములు కొనేస్తారు. తర్వాత ఫోన్‌లో ఫొటో చూపించి "ఇవి పడతాయా?" అని అడుగుతారు. ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. కాలిఫోర్నియాలో ఈ వ్యాన్ల సస్పెన్షన్ పనే నా బతుకుతెరువు. షాపులో పదేపదే వినపడే మాటల్లో నిజమెంతో రాస్తున్నాను. ఇక్కడ అందరూ వీటిని బస్సు అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. ఆర్టీసీ బస్సు గుర్తొస్తే క్షమించాలి. 1950 నుంచి 1967 దాకా వచ్చిన, ముందు అద్దం రెండు ముక్కలుగా ఉండే స్ప్లిట్ బస్సు ఒకటి. ఆ తర్వాత 1979 దాకా జర్మనీలో తయారైన బే విండో బస్సు ఇంకొకటి. ఈ రెండింటి గురించే ఇదంతా.

అపోహ: ఐదు బోల్టుల రిమ్ము అయితే చాలు, ఏదైనా పడుతుంది

ముందు మీ బస్సు ఏ సంవత్సరానిదో చూడండి. 1970 వేసవి దాకా తయారైన బస్సులకు బోల్టుల వలయం వ్యాసం 205 మి.మీ. 1970 ఆగస్టు నుంచి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చాయి, వాటితోపాటు వలయం 112 మి.మీ.కి తగ్గింది. ఒకదాని రిమ్ము ఇంకొకదానికి దగ్గరికి కూడా రాదు. చూడటానికి ఒకేలా ఉండే 1969 బస్సుకీ 1972 బస్సుకీ రిమ్ములు మార్చుకోలేం.

112 అనగానే మెర్సిడెస్, ఆడీ రిమ్ముల మీద ఆశ పుడుతుంది. మెర్సిడెస్ వరకు ఆ ఆశలో న్యాయముంది. బస్సు హబ్‌కి (రిమ్ము బిగించే మధ్య భాగం), మెర్సిడెస్ రిమ్ము మధ్య రంధ్రానికి కొలత దాదాపు ఒకటే, 66.6 మి.మీ. పాత ఆడీ రిమ్ములకు అది 57.1 మాత్రమే. లేత్ మీద బోర్ చేయిస్తే తప్ప హబ్ మీద కూర్చోదు. మెర్సిడెస్‌లోనూ ఒక చిక్కుంది. పాత మోడళ్ల రిమ్ములకు రంధ్రాలు 12 మి.మీ. బోల్టుకు చేసినవి, బస్సు బోల్టు 14. రంధ్రం పెద్దది చేయించాలి, బోల్టు తల కూర్చునే చోటు కూడా సరిపోవాలి. ఆ చోటు కొన్ని రిమ్ములకు గుండ్రంగా, కొన్నింటికి కోసుగా ఉంటుంది. గుండ్రటి సీటులో కోసు బోల్టు బిగిస్తే బిగిసినట్టే అనిపిస్తుంది, నడుస్తుంటే వదులవుతుంది. ఎక్కడ చూసినా దొరికే 114.3 మి.మీ. జపాన్ కార్ల రిమ్ములను "రెండు మిల్లీమీటర్లే కదా" అని లాగి బిగించేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల వెనకాల నేను బండి నడపను.

205 వాళ్లకు అడాప్టర్లు, అంటే హబ్‌కీ వేరే వలయం రిమ్ముకీ మధ్య బిగించే పలకలు, దొరుకుతాయి. మంచి రకమైతే తప్పేం లేదు. కానీ అడాప్టర్ మందం ఎంతో రిమ్ము అంత బయటికి వస్తుంది. దించిన బండిలో ఒక్కో మిల్లీమీటరుకీ లెక్క ఉంటుంది.

అపోహ: రిమ్ము వెడల్పు చూసుకుంటే చాలు, ఆఫ్‌సెట్ చిన్న విషయం

నా దగ్గరికి వచ్చే రాపిడి కేసుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇదే. రిమ్ము మీద ఈటీ అని ఉండే అంకె, హబ్‌కి ఆనుకునే ముఖం రిమ్ము నడిమధ్య నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపుకు ఉందో చెబుతుంది. అంకె పెరిగితే చక్రం లోపలికి పోతుంది, తగ్గితే బయటికి వస్తుంది.

డిస్క్ బ్రేకుల బే బస్సుకు కంపెనీ ఇచ్చింది 5.5 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల రిమ్ము, ఈటీ 39. మీరు 6.5 అంగుళాల వెడల్పు, ఈటీ 48 ఉన్న 15 అంగుళాల మెర్సిడెస్ రిమ్ము తెచ్చారనుకుందాం. అంగుళం వెడల్పు పెరిగింది కాబట్టి రెండు వైపులా చెరి 12.7 మి.మీ. పెరగాలి. ఈటీ 9 పెరిగింది కాబట్టి రిమ్ము మొత్తం 9 మి.మీ. లోపలికి జరుగుతుంది. అంటే బయట పెరిగింది నాలుగు మిల్లీమీటర్లకు లోపే, లోపల దాదాపు 22. అదే 7 అంగుళాలు, ఈటీ 37 అయితే లోపల 17, బయట 21. రెండో రిమ్ము కొంచెమే వెడల్పు, కానీ ముందు వీల్ ఆర్చ్ (చక్రం పైన బాడీలో ఉండే వంపు) అంచుకు తగిలేది అదే.

బస్సును దించినప్పుడు ముందు చక్రం ఆర్చ్ లోపలికి ఎక్కుతుంది. మామూలు ఎత్తులో అంచుకు కింద తిరిగే టైరు ఇప్పుడు అంచు వెనకాల తిరగాలి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు కూడా. అందుకే బాగా దించే బండ్లకు ముందు బీమ్‌ను (ముందు చక్రాల సస్పెన్షన్‌ను మోసే అడ్డ గొట్టాలు) మధ్యలో కోసి, రెండు నుంచి నాలుగు అంగుళాలు తగ్గించి మళ్లీ వెల్డ్ చేస్తారు. తగ్గించిన దాంట్లో ఒక్కో వైపుకు వచ్చేది సగమే. నాలుగు అంగుళాలు కోసిన బీమ్ మీద 25 మి.మీ. అడాప్టర్ వేస్తే, కోసి సంపాదించిన జాగాలో సగం అడాప్టర్‌కే పోయింది. డబ్బు రెండుసార్లు ఖర్చు.

వెనక సంగతి వేరు. అక్కడ చక్రం స్టీరింగ్‌తో పక్కకు తిరగదు కాబట్టి రాపిడి తక్కువ, కానీ ఆర్చ్ బాగా కిందికి ఉంటుంది. టైరు వెడల్పైతే చక్రం బయటికి రాదు. పంక్చర్ రోజున ఇది తెలుస్తుంది. బాడీ కింద జాకీ పెట్టి సస్పెన్షన్ పూర్తిగా వేలాడనిచ్చి, చక్రం తీసి మళ్లీ పెట్టి చూశాకే బేరం ఖాయం చేసుకోండి. దించిన బండి కింద కంపెనీ జాకీ దూరదు, తక్కువ ఎత్తు జాకీ ఒకటి బండిలో ఉండాల్సిందే.

అపోహ: వీకెండ్ బండి, ఖాళీగా తిరుగుతుంది, కారు టైరు సరిపోతుంది

దించినంత మాత్రాన బండి బరువు తగ్గదు. బే బస్సు పూర్తి లోడుతో 2.2 టన్నుల పైనే. ఇంజన్ వెనక ఉంది కాబట్టి వెనక యాక్సిల్ మీదే 1,200 కిలోలు దాటొచ్చు. మీ బండి ప్లేటు మీద ఉన్న అంకె చూసుకోండి, దాన్ని రెండుతో భాగించండి, ఆ బరువును ఒక్క టైరు మోయాలి.

టైరు పక్కన సైజు తర్వాత ఉండే అంకె లోడ్ ఇండెక్స్. 73 అంటే 365 కిలోలు, 82 అంటే 475, 90 అంటే 600, 91 అంటే 615, 95 అంటే 690, 102 అంటే 850. బే బస్సుకు మామూలుగా వేసే 185ఆర్14సి టైరు 102 రకం. చివరి 'సి' వ్యాను టైరని చెబుతుంది.

ఇప్పుడు బాగా దించిన బండ్ల ముందు చక్రాలకు ఫ్యాషన్‌గా వేసే 165/50ఆర్15 (వెడల్పు 165 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 50 శాతం, రిమ్ము 15 అంగుళాలు) చూడండి. దాని ఇండెక్స్ 73, జత కలిపి 730 కిలోలు. డ్రైవరు, పక్కన ఇంకొకరు సరిగ్గా ముందు యాక్సిల్ మీదే కూర్చునే బండి ఇది. వెనక మంచం, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు ఉన్న క్యాంపర్‌కు 195/50ఆర్15, 82 ఇండెక్స్ వేసుకొచ్చినవాళ్లను చూశాను. జతకు 950. పిల్లలతో, సామానుతో ఎండాకాలం కొండ దారెక్కితే ఆ టైరు వేడెక్కడం మొదలుపెడుతుంది. గాలి ఎక్కువ కొడితే సరిపోతుందంటారు. లేదు. కారు టైరుకు రాసిన లోడు దాని పూర్తి గాలి దగ్గరే వస్తుంది, అక్కడి నుంచి పెంచినా మోసే శక్తి పెరగదు. 185ఆర్14సి ఆ 850 కిలోలు మోసేది కూడా 65 పీఎస్ఐ దగ్గర.

మరి దించిన బండికి ఏం వేయాలి? ముందుకు 175/65ఆర్14సి నాకు ఇష్టమైన సైజు. వ్యాసం 583 మి.మీ., లోడ్ ఇండెక్స్ 90, చిన్న డెలివరీ వ్యాన్ల కోసం చేసింది. 15 అంగుళాల రిమ్ము కావాలంటే 195/65ఆర్15లో 95 ఇండెక్స్ ఉన్న ఎక్స్‌ఎల్ (ఎక్కువ లోడు మోసే) రకం. అదే సైజులో 91 కూడా దొరుకుతుంది, షాపువాడు చేతికి అందింది ఇస్తాడు, మీరే చదువుకోండి. 16 అంగుళాలైతే 195/60ఆర్16సి.

అపోహ: పెద్ద రిమ్ము, సన్న టైరు వేస్తే బండి బాగా నిలబడుతుంది

సన్న టైరంటే సైడ్‌వాల్, అంటే పక్క గోడ, ఎత్తు తక్కువున్నది. పార్కింగ్‌లో నిలబడుతుంది. దించిన బస్సులో సస్పెన్షన్ పైకి కిందికి ఆడే జాగా ముందే తగ్గిపోయింది. బీమ్‌లో అడ్జస్టర్ తిప్పి దించితే మరీ తగ్గుతుంది; డ్రాప్ స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు ముక్క) వేస్తే చక్రం మౌంటింగ్ మాత్రమే పైకి జరుగుతుంది కాబట్టి ఆట కొంత మిగులుతుంది. ఆ మిగిలిన కొంతకి తోడు నిలిచేది టైరు సైడ్‌వాలే. దాన్ని కూడా కోసేస్తే గుంటలో పడ్డప్పుడు దెబ్బ నేరుగా రిమ్ముకీ, బీమ్‌కీ, మీ నడుముకీ.

చట్టం కూడా ఇక్కడే తగులుతుంది. కాలిఫోర్నియా వాహన చట్టం 24008 సెక్షన్ ప్రకారం, మార్పులు చేసిన బండిలో చక్రాలు తప్ప ఏ భాగమూ రిమ్ము కింది అంచు కంటే కిందికి ఉండకూడదు. టైరు పంక్చరైనా బాడీ రోడ్డుకు ఆనకూడదని దాని లెక్క. సన్న టైరు వేస్తే రిమ్ము రోడ్డుకు దగ్గరవుతుంది కాబట్టి కాగితం మీద ఇంకా దించే వీలు దొరుకుతుందని ఒకాయన నాతో గంటసేపు వాదించాడు. లెక్క కరెక్టే. ఆయన బండిలో మాత్రం నేను ఊరు దాటను.

ఇండియాలో మారుతీ ఓమ్నీని ఇలా దించుదామని అడిగేవాళ్లకు: అక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆర్టీవోతో టెన్షన్ పడే బదులు ఓమ్నీని ఓమ్నీలా ఉంచండి.

అపోహ: టైరు చిన్నదైతే స్పీడోమీటర్ కొంచెం తేడా చూపిస్తుంది, అంతే

ఈ బస్సులో స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్సు నుంచి రాదు, ముందు ఎడమ చక్రం హబ్ నుంచి వస్తుంది. కాబట్టి ముందు వేసిన సైజు మీటర్‌ను మారుస్తుంది, వెనక వేసిన సైజు ఇంజన్‌ను మారుస్తుంది. ఒకటి చూసి ఇంకోటి చెప్పలేం.

185ఆర్14 వ్యాసం సుమారు 650 మి.మీ., 165/50ఆర్15 వ్యాసం 546. ముందు ఆ చిన్నది వేస్తే మీటరు 65 మైళ్లు చూపించేటప్పుడు మీరు వెళ్లేది 55. పోలీసు ఆపడు, వెనకవాడు హారన్ కొడతాడు. వెనక కూడా అదే వేస్తే అసలు ఇబ్బంది. అదే వేగానికి ఇంజన్ 19 శాతం ఎక్కువ తిరగాలి. గాలితో చల్లబడే ఇంజన్, హైవే మీద గంటల తరబడి. దించిన బస్సుల్లో చాలావాటికి ముందు చిన్న టైరు, వెనక దాదాపు పాత వ్యాసం టైరు కనిపించేది ఇందుకే. చూడటానికి కూడా అదే బాగుంటుంది, నన్నడిగితే.

స్ప్లిట్ బస్సు వాళ్లకు ఇంకో మెలిక. వాటి వెనక హబ్‌ల దగ్గర వేరే గేర్లున్న రిడక్షన్ బాక్సులుంటాయి, వెనక ఎత్తు వాటి వల్లే. బాగా దించడానికి వాటిని తీసేసి నేరు యాక్సిల్ పెడితే మొత్తం గేరింగ్ మారిపోతుంది. అప్పుడు వెనక టైరు ఎంపిక పాత కొలతతో పోల్చి చేయడం కుదరదు, కొత్త గేర్‌బాక్సు నిష్పత్తి చేతిలో పెట్టుకుని మొదటి నుంచి లెక్క వేయాలి.

అపోహ: ట్రెడ్ బాగుంది, టైరు కొత్తదే

ఈ బండ్లు ఏడాదిలో తిరిగేది తక్కువ, ట్రెడ్ అరిగేలోపే రబ్బరు గట్టిపడుతుంది. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్‌లో తయారీ తేదీ చెప్పే చివరి నాలుగంకెలు చదవండి. 2314 అంటే 2014లో 23వ వారం. ఆ కోడ్ ఒక వైపే పూర్తిగా ఉంటుంది, చాలాసార్లు లోపలి వైపు. రిమ్ములతో కలిపి పాత టైర్లు అమ్మేవాడు "ఒక్క సీజన్ వాడాం" అంటే బండి కిందికి దూరి చూడండి. అలా దూరినప్పుడు లోపలి అంచు అరుగుదల కూడా చూసుకోండి. దించిన స్ప్లిట్ బస్సులో వెనక చక్రాలు పైభాగం లోపలికి వాలి నిలబడతాయి, బయటి నుంచి నిగనిగలాడే టైరు లోపల దారాలు తేలి ఉండొచ్చు.