57 డాలర్ల 90 సెంట్ల జాబితా: స్పాల్డింగ్ పాదిరి పీపాల్లో పంపింది ఎవరి సొత్తు?

2024 జనవరిలో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ రెండు పెద్ద హాళ్లు మూసేసింది. చికాగోలో ఫీల్డ్ మ్యూజియం కొన్ని అద్దాల బీరువాలకు ముసుగులు కప్పింది. ఆదివాసీ తెగల వస్తువులను, అస్థికలను తిరిగి ఇచ్చే 1990 నాటి చట్టానికి కొత్త రూల్స్ అమల్లోకి రావడమే కారణం. తెగ అనుమతి లేకుండా ఇకమీదట ఆ వస్తువులను ప్రదర్శనకు పెట్టడానికి లేదు. అప్పటినుంచీ పాత వాదన మళ్లీ లేచింది: దొంగిలించినవి ఇచ్చేయాల్సిందే, మరి డబ్బిచ్చి కొన్నవాటి సంగతేమిటి?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఒక పేరు తప్పకుండా వస్తుంది. హెన్రీ హార్మన్ స్పాల్డింగ్. నేటి ఐడాహో రాష్ట్రంలోని లాప్‌వై లోయలో నెజ్ పర్స్ తెగ మధ్య కాపురముండి సువార్త చెప్పిన ప్రెస్బిటేరియన్ పాదిరి. 1836లో భార్య ఎలైజాతో, తోటి మిషనరీ డాక్టరు మార్కస్ విట్మన్ దంపతులతో కలిసి రాకీ పర్వతాలు దాటాడు. ఆ దారిలో ఆ పర్వతాలు దాటిన మొదటి తెల్ల ఆడవాళ్లు ఆ ఇద్దరేనని అమెరికాలో బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ ప్రయాణం, గుడారాల కష్టాలు, విట్మన్‌తో గొడవలు ఎంతోమంది రాశారు కాబట్టి వదిలేస్తున్నాను. నేటి తగవుకు మూలం వేరే చోట ఉంది. 1846 ఏప్రిల్లో ఆయన రాసిన ఒక ఉత్తరంలో ఉంది.

ఒహాయో రాష్ట్రంలో కిన్స్‌మన్ అనే ఊళ్లో డడ్లీ అలెన్ అనే డాక్టరు ఉండేవాడు. స్పాల్డింగ్‌కు స్నేహితుడు, మిషన్‌కు సాయం చేసినవాడు. ఆయన అక్కడినుంచి సరుకులు పంపేవాడు. వాటికి బదులుగా స్పాల్డింగ్ నెజ్ పర్స్ వాళ్ల బట్టలు, గుర్రపు సామాను పోగుచేసి పీపాల్లో పెట్టి పంపాడు. తోలు చొక్కాలు, ఆడవాళ్ల గౌన్లు, ఆడవాళ్లు ఎక్కే గుర్రపు జీను, పసిపిల్లను కట్టి వీపున మోసే తొట్టి పలక. ఏది ఎంత విలువ చేస్తుందో రాసి పెట్టాడు. మొత్తం 57 డాలర్ల 90 సెంట్లు.

మ్యూజియం వాళ్లకు ఈ ఉత్తరం బంగారం. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర సేకరించారో ఇంత స్పష్టంగా తెలిసిన పాత వస్తువులు ఆ వాయవ్య పీఠభూమి ప్రాంతం నుంచి బహు తక్కువ. కొన్నామని చెప్పడానికీ ఆ ఉత్తరమే ఆధారం. నా దృష్టిలో మాత్రం ఆ జాబితాలో కనిపించే ధర కంటే కనిపించని సంగతులే ముఖ్యం.

ఆ కాలపు గౌను ఒకదాన్ని దగ్గరగా చూడండి. రెండు పెద్ద జంతువుల చర్మాలు కావాలి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. చర్మాన్ని గీకి, మెదడుతో పదును పెట్టి, మెత్తబడేదాకా చేత్తో లాగి లాగి పొగపట్టాలి. మెడ దగ్గర ఆ జంతువు తోక ఉన్నచోట ఉన్నట్టే వదిలేస్తారు. భుజాల మీద పూసల వరసలు కుడతారు. దంతంలా తెల్లగా, సన్నగా గొట్టంలా ఉండే డెంటేలియం గవ్వలు ఎక్కడో పసిఫిక్ తీరం నుంచి చేతులు మారి మారి రావాలి. ఇది ఒక ఆడమనిషి నెలల శ్రమ. పెళ్లికీ పండక్కీ కట్టుకుని, కూతురికి ఇచ్చుకునే బట్ట. దానికి డాలర్లలో ధర కట్టింది కుట్టిన మనిషి కాదు, పాదిరి.

బలవంతంగా గుంజుకున్నాడని ఎవరూ రుజువు చేయలేదు. సరుకు ఇచ్చే పుచ్చుకున్నాడు. కానీ అప్పటికి లాప్‌వైలో స్పాల్డింగ్ వట్టి బోధకుడు కాదు. నాగలి, విత్తనం, పిండి మర, బడి, మందు, అన్నీ ఆయన చేతిమీదుగానే. 1839లో హవాయి మిషన్ నుంచి ఒక అచ్చు యంత్రం వచ్చింది. ఆ వాయవ్య ప్రాంతంలో అదే మొదటిది. దాని మీద నెజ్ పర్స్ భాషలో చిన్న వాచకం వేశారు, తర్వాత మత్తయి సువార్త వేశారు. ఆ భాషను మొదట అచ్చులో పెట్టింది స్పాల్డింగే. ఆ మేలు కాదనలేం. ఎలైజా బొమ్మలు గీసి పాఠం చెప్పేది, భాష ఆయన కంటే ఆమెకే ముందు వచ్చిందంటారు. ఆమెను ఆ జనం మనసారా ప్రేమించారు.

అదే యంత్రం మీద ఇంకొకటి కూడా అచ్చయింది. 1842 డిసెంబర్‌లో ఇలైజా వైట్ అనే ప్రభుత్వ ఏజెంటు లాప్‌వై వచ్చి తెగకు కొత్త చట్టాలు పెట్టాడు. హత్యకు ఉరి, దొంగతనానికి నష్టపరిహారం, కొరడా దెబ్బలు. తెగలో అంతవరకు అందరికీ కలిపి ఒకే పెద్ద లేడు. ఏ ఊరి పెద్ద ఆ ఊరికే పెద్ద. వైట్ వచ్చి ఒక మహా నాయకుణ్ణి ఎన్నుకోమన్నాడు. ఆ చట్టాలను నెజ్ పర్స్ భాషలోకి మార్చి అచ్చువేసింది స్పాల్డింగ్. కొరడా శిక్షను ఆయన సమర్థించాడు, వేయించాడు కూడా. ఇది ఆయనను అభిమానించే చరిత్రకారులు సైతం ఒప్పుకున్నదే.

ఆ చట్టాల తర్వాత మూడేళ్లు దాటాక 57 డాలర్ల జాబితా తయారైంది. విత్తనమూ మందూ ఆయన దగ్గరే ఉన్నప్పుడు, పక్కన కొరడా కూడా ఉన్నప్పుడు, ఆ పాదిరి వచ్చి మీ గౌను ఇస్తారా అని అడిగితే ఇవ్వనని చెప్పడం ఎంతమందికి సాధ్యం? నెజ్ పర్స్ వాళ్ల అభ్యంతరం ఇదే అని నాకు అర్థమైంది. అది న్యాయమైన అభ్యంతరం.

పై ఏడాది, 1847 నవంబర్ 29న, తట్టు వ్యాధికి పిల్లలు చచ్చిపోతున్న కాయూస్ తెగవాళ్లు కొందరు విట్మన్ మిషన్ మీద పడి విట్మన్ దంపతులతో పాటు మరికొందరిని చంపారు. స్పాల్డింగ్ పదేళ్ల కూతురు అక్కడే ఉండి బందీ అయింది. ఆయన రోజుల తరబడి నడిచి ప్రాణాలతో ఇల్లు చేరాడు. లాప్‌వైలో ఎలైజాను, మిగతా పిల్లలను కాపాడింది నెజ్ పర్స్ వాళ్లే. మిషన్ మూతపడింది. తర్వాత చాలా ఏళ్లు స్పాల్డింగ్ తన కథను తానే చెప్పుకున్నాడు. విట్మన్ గుర్రమెక్కి వాషింగ్టన్ వెళ్లి ఆరెగాన్ ప్రాంతాన్ని బ్రిటన్ పాలు కాకుండా అమెరికాకు దక్కించాడనే కథను ఊరూరా చాటింది ప్రధానంగా ఆయనే. 1871లో సెనేటే ఆయన కరపత్రాన్ని ప్రభుత్వ పత్రంగా అచ్చువేసింది. అది నిలవదని 1901లో చరిత్రకారుడు ఎడ్వర్డ్ బోర్న్ తేల్చాడు. మధ్యలో ముప్పై ఏళ్లు పాదిరి మాటే చరిత్ర. వస్తువుల విషయంలోనూ అంతే, ఆయన రాసిన కాగితం మిగిలింది, ఇచ్చినవాళ్ల మాట ఎవరూ రాసిపెట్టలేదు.

భూమి సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలి, లేకపోతే ఈ బట్టల విలువ తెలియదు. 1855 ఒప్పందంలో తెగకు సుమారు 75 లక్షల ఎకరాలు మిగిలాయి. 1860లో బంగారం బయటపడింది. 1863 ఒప్పందంలో పదింట తొమ్మిది వంతులు పోయాయి. దాన్ని నెజ్ పర్స్ వాళ్లు దొంగ ఒప్పందం అనే పిలుస్తారు. 1839లో స్పాల్డింగ్ చేత బాప్తిస్మం పొందిన మొదటివాళ్లలో ఒకడైన ముసలి జోసెఫ్ దాని మీద సంతకం పెట్టలేదు. కోపంతో తన దగ్గరున్న సువార్త పుస్తకాన్ని చింపేశాడని చెబుతారు. 1871లో స్పాల్డింగ్ తిరిగి వచ్చి వందల మందికి బాప్తిస్మం ఇచ్చి 1874లో లాప్‌వైలోనే కన్నుమూశాడు. మరో మూడేళ్లకు జోసెఫ్ కొడుకు, అందరికీ తెలిసిన చీఫ్ జోసెఫ్, తన జనంతో సైన్యానికి చిక్కకుండా వెయ్యి మైళ్ల పైన నడిచి, కెనడా సరిహద్దు ఇంకా 40 మైళ్లుందనగా లొంగిపోయాడు. ఆ దారిలో గుడారాలు, జీనులు, బట్టలు తగలబడ్డాయి, సైనికుల పాలయ్యాయి.

అందుకే మ్యూజియం పక్షం వాళ్లు ఒక మాట అంటారు. స్పాల్డింగ్ పంపకపోతే ఇవి మిగిలేవే కావు అని. అది నిజం కావచ్చు. కానీ మిగతావి ఎందుకు పోయాయో కూడా అదే నోటితో చెప్పాలి.

పీపాల్లో వెళ్లిన వస్తువులు 1893లో అలెన్ కుటుంబం నుంచి ఓబర్లిన్ కాలేజీకి వచ్చాయి. 1942లో కాలేజీ వాటిని ఒహాయో హిస్టారికల్ సొసైటీకి ఇచ్చింది. అక్కడ గోదాములో దాదాపు మరిచిపోయారు. 1976లో ఐడాహోలోని నెజ్ పర్స్ జాతీయ పార్కు క్యూరేటర్లు ఆచూకీ పట్టారు. 1980 నాటికి చాలావరకు అరువు మీద లాప్‌వై దగ్గరి పార్కు మ్యూజియానికి వచ్చాయి. ముసలివాళ్లు చూసి ఏడ్చారు, ఆడవాళ్లు కుట్టు చూసి నేర్చుకున్నారు. పదమూడేళ్లు అలా గడిచాక 1993లో సొసైటీ తన వస్తువులు తనకు కావాలంది.

1990 చట్టం ఇక్కడ పనికిరాలేదు. అస్థికలు, సమాధి వస్తువులు, పూజా వస్తువులు, తెగ మొత్తానికి ఉమ్మడిగా చెందిన వస్తువులు, వీటికే ఆ చట్టం. ఎవరో ఒక మనిషి కట్టుకున్న బట్ట, ఎవరో ఎక్కిన జీను, పైగా చేతిలో ధరల జాబితా. చివరకు సొసైటీ అమ్మడానికి ఒప్పుకుంది. బజారు ధర కట్టించారు. 6,08,100 డాలర్లు. గడువు ఆరు నెలలు, 1996 జూన్ 1 లోపు.

బడిపిల్లలు చిల్లర పోగుచేశారు. రాక్ సంగీత బృందాలు చేయి కలిపాయి. వేల మంది తలా కొంత ఇచ్చారు. గడువుకు ఒక్కరోజు ముందు డబ్బు సమకూరింది. తమ అవ్వలు కుట్టిన బట్టలను ఆ జనం 57 డాలర్ల జాబితా మీద పదివేల రెట్లు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది.

పాతికేళ్లకు, 2021 జూన్‌లో, తెగ ఆ సేకరణకు పాదిరి పేరు, డాక్టరు పేరు తీసేసింది. తమ భాషలో వెట్‌ఖూవీటిన్ అని పెట్టుకుంది. చెరలో ఉండి ఇంటికి చేరినవి అని అర్థం. ఆ నవంబర్‌లో ఒహాయో సంస్థ, ఇప్పుడు దాని పేరు ఒహాయో హిస్టరీ కనెక్షన్, 6,08,100 డాలర్లూ తిరిగి ఇచ్చేసింది. కోర్టు చెప్పలేదు, చట్టం అడగలేదు. తప్పు జరిగిందని వాళ్లకు వాళ్లే అనుకుని ఇచ్చారు.

2024 రూల్స్ తెగల మాటకు ఎక్కువ విలువ ఇచ్చాయి, మ్యూజియాలు తమ జాబితాలు సరిచేసుకోవడానికి ఐదేళ్ల గడువు పెట్టాయి. కానీ చట్టంలోని ఆ నాలుగు రకాలు మారలేదు. ఏ ఇంట్లోనో ఒక తల్లి కుట్టిన రోజువారీ గౌను, పక్కన ఎవరో దొర రాసిన ధర ఉంటే, అది ఆ రకాల్లోకి వస్తుందో రాదో ఇప్పటికీ ఒక్కో మ్యూజియంతో ఒక్కో తెగ కూర్చుని తేల్చుకోవాల్సిందే.