పెళ్ళి క్యాసెట్టులో బొమ్మ పైన ఎందుకు వంగుతుంది?

"పెళ్ళి క్యాసెట్టు కంప్యూటర్లోకి ఎక్కిస్తే బొమ్మ పైన వంగిపోతోంది, మాటకీ పెదాలకీ పొంతన లేదు. పాత టీవీలో బాగానే ఆడేదే!" అని ఒక పాఠకురాలి ప్రశ్న. జవాబు క్యాసెట్టు ఆడించే వీసీఆర్ లోపలి డ్రమ్ములో ఉంది.

వీసీఆర్ మూత తీస్తే ఏటవాలుగా కూర్చున్న మెరిసే డ్రమ్ము కనిపిస్తుంది. వ్యాసం 62 మిల్లీమీటర్లు. మన దేశపు టీవీ పద్ధతైన పాల్ (PAL)లో సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. దానిమీద ఎదురెదురుగా టేపును చదివే రెండు హెడ్లు. ఒక్కో హెడ్డు అరచుట్టులో టేపు మీద దాదాపు 97 మిల్లీమీటర్ల ఏటవాలు గీతను చదువుతుంది. అందులో 312న్నర టీవీ లైన్లు! టేపు నత్తనడకన సెకనుకు 23.39 మిల్లీమీటర్లే కదులుతున్నా, హెడ్డు దానిమీద సెకనుకు సుమారు 4.85 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది. అంటే మైక్రోసెకనుకు సుమారు 5 మైక్రాన్లు. అదే మైక్రోసెకనులో బొమ్మను కంప్యూటర్ కోసం అంకెలుగా మార్చే డిజిటల్ చిప్పు పదమూడున్నర చుక్కలు నమోదు చేస్తుంది.

ఏళ్ళ తరబడి అటక మీద వేడికి టేపు పదివేలలో ఒక వంతు సాగిందనుకోండి. 97 మిల్లీమీటర్లకి 10 మైక్రాన్లు, తల వెంట్రుక మందం కన్నా తక్కువే. కానీ కాలంలో అది 2 మైక్రోసెకన్లు, బొమ్మలో 27 చుక్కలు! ఒక హెడ్డు వదిలి రెండోది అందుకునే అతుకు బొమ్మ అడుగున పడుతుంది. సాగుదల వల్ల అక్కడ పుట్టే కుదుపు సర్దుకునేలోపే తర్వాతి బొమ్మ పైలైన్లు వచ్చేస్తాయి. అదే ఆ వంకర. పాత టీవీ టేపుతోపాటే ఊగి సర్దుకునేది. వీసీఆర్‌ని కంప్యూటర్‌కి కలిపే చవక యూఎస్‌బీ డాంగిల్ సర్దుకోలేదు, లెక్క తప్పిన ఫ్రేమును వదిలేస్తుంది. ధ్వని మాత్రం ఆగదు, అందుకే పెదాలతో తేడా.

దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్, అంటే లైన్ల కాలాన్ని సరిచేసే పరికరం. అది ఖరీదు. దాని బదులు పాత డీవీడీ రికార్డర్ (ప్లేయర్ కాదు) సెకండ్ హ్యాండ్‌లో దొరికితే చాలు, దాని డిస్కు భాగం పాడైనా ఫర్వాలేదు. పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 ఈ పనికి పేరుపొందాయి. వీసీఆర్ పసుపు (బొమ్మ) పిన్ను రికార్డర్ లైన్-ఇన్‌కి, దాని గుండ్రటి ఎస్-వీడియో పిన్ను డాంగిల్‌కి కలపండి. తెలుపు, ఎరుపు (ధ్వని) పిన్నులు కూడా రికార్డర్ గుండానే వెళ్ళాలి.

720×576, సెకనుకు 25 ఫ్రేములు, సగం సగం లైన్లు అల్లిన ఇంటర్లేస్డ్‌గానే పట్టండి. నాణ్యత పోకుండా కుదించే హఫ్‌వైయూవీ కోడెక్‌తో గంటకి దాదాపు 30 జీబీ అవుతుంది. తర్వాత యాడిఫ్ ఫిల్టరుతో ఆ సగాలను 50 ఫ్రేములుగా విడదీసి, 4:3 నిష్పత్తిలో హెచ్.264 అనే చిన్న ఫైలు రకంలోకి మార్చండి. 25గా కుదిస్తే నాదస్వరం మీద వేళ్ళ కదలికలో సగం పోతుంది. డాంగిల్ డబ్బా మీద "1080" అని చూసి మోసపోవద్దు, ఈ క్యాసెట్ల పద్ధతైన వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా ఉన్నదే సుమారు 240 లైన్ల స్పష్టత. అమెరికా చుట్టాలు పంపిన క్యాసెట్లు అక్కడి టీవీ పద్ధతైన ఎన్‌టీఎస్‌సీ కావచ్చు, వాటికి 720×480, రెండు పద్ధతులూ ఆడే వీసీఆర్ కావాలి.

ముందు క్యాసెట్టు కిటికీలోంచి రీలు చూడండి. అంచున తెల్లటి బూజుంటే యంత్రంలో పెట్టవద్దు, అది హెడ్లకి పట్టి మిగతా క్యాసెట్లకీ అంటుతుంది. శుభ్రంగా ఉన్నదాన్ని చివరిదాకా ఒకసారి తిప్పి వెనక్కి తెస్తే చుట్లలో బిగువు సమమవుతుంది. హెడ్లకి దూది పుల్లలు వద్దు, పోగులు చిక్కుకుంటాయి. ప్లగ్గు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి షామీ తోలును డ్రమ్ముకి కదలకుండా ఆనించి, డ్రమ్మునే చేత్తో తిప్పండి. తోలును పైకీ కిందకీ రుద్దితే హెడ్డు విరుగుతుంది.