గడ్డ తీసేసినారు కదా, మళ్ళీ ఎముకలోకి ఎట్లా పోయింది?

చిత్తూరు నుంచి వేలూరు పోయే బస్సులో మా పెద్దమ్మ స్కాన్ ఫిల్మ్‌ని కిటికీ వెలుతురుకి పట్టుకోని, వెన్నుపూసల మీద నల్లచుక్కల్ని ఒక్కొక్కటే వేలితో తడమతా అడిగింది, "రొమ్ములో గడ్డ మొత్తం తీసేసినారు కదమ్మీ, ఇది ఈడికెట్లా నడిచొచ్చింది?" అని. బాధలో అనిందే గానీ జరిగేది నిజంగా అదే, కణాలు నడిచే పోతాయి, అది తెలుసుకోవడానికే డాక్టర్లకి వందేళ్ళకి పైగా పట్టింది.

1890ల్లో బాల్టిమోర్‌లో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ నమ్మింది ఏందంటే, క్యాన్సర్ గుడ్డ మీద నూనె మరక మాదిరి మొదలైన చోటి నుంచి చుట్టూ పాకుతా పోతుందని, అందుకే ఎంత వెడల్పుగా కోస్తే అంత మంచిదని రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలో బిళ్ళలు (లింఫ్ గ్రంథులు) అన్నీ తీసేసేవాడు. ఆ పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది, చెయ్యి వాచిపోయి పైకెత్తలేక బతికిన ఆడవాళ్ళు ఎంతమందో. 1971లో బెర్నార్డ్ ఫిషర్ అనే అమెరికా సర్జన్ మొదలుపెట్టిన ట్రయల్‌లో 25 ఏళ్ళు చూసినాక కూడా, అంత కోసినా తక్కువ కోసినా బతికే కాలంలో తేడా లేదని తేలింది. అంటే చాలామందికి ఆపరేషన్ కంటే ముందే కణాలు గడ్డ దాటి పోయి ఉంటాయి.

మా ఇంట్లో మాత్రం "సూది గుచ్చితే పాకిపోతుంది" అని బంధువులు చెప్పిన మాటకి, గడ్డలోంచి సూదితో ముక్క తీసి చూసే బయాప్సీ పరీక్ష నాలుగు నెలలు ఆగింది, అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. సూది వల్ల పాకడం చాలా అరుదు, ఆ భయంతో ఆగితే జరిగే నష్టం అంతకంటే చాలా పెద్దది. ఈ కణాలకి సూది అవసరం లేదు, వాటి కాళ్ళు వాటికున్నాయి.

పెద్దమ్మ ప్రశ్నకి సగం జవాబు 1889లోనే లండన్‌లో స్టీఫెన్ పాజెట్ అనే సర్జన్ రాసి పెట్టినాడు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు చూస్తే కాలేయంలో 241 మందికి కనిపించింది, ప్లీహంలో 17 మందికే. రక్తం రెండిటికీ పోతుంది కదా, మరి ఇంత తేడా ఎందుకు? విత్తనం అన్ని చోట్లా పడుతుంది, నేల ఒప్పుకున్న చోటే మొలుస్తుంది అన్నాడు. మా పక్క వాళ్ళకి ఇది విడమరచి చెప్పాల్సిన పనిలేదు, శెనిక్కాయ ఊడ దిగాలంటే గుల్లగా ఉండే ఎర్రనేల కావాల, అదే విత్తనం బంకమట్టిలో వేస్తే ఏమొస్తుంది.

మరి విత్తనం చేను ఎట్లా దాటింది? పాలనాళాల్లో కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోని ఉంటాయి, ఆ పట్టు ఈ-క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్‌ది. 2004లో అమెరికాలో రాబర్ట్ వైన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ల్యాబ్ చూపించింది, ట్విస్ట్ అనే జీన్ ఆన్ అయితే ఆ పట్టు సడలిపోతుందని, ఎలుకల్లో ట్విస్ట్‌ని అణిచిపెడితే గడ్డ పెరిగినా ఊపిరితిత్తులకి పోవడం బాగా తగ్గిందని. ఈ జీన్ అసలు పిండంలో కణాలు తమ చోటికి పోయేటప్పుడు వాడుకునేది. కడుపులో బిడ్డని కట్టే పనిముట్టే ఇక్కడ ప్రాణం తీస్తా ఉంది, ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అన్నీ ఒంటరిగానే పోతాయని కాదు, కొన్ని చేతులు వదలకుండా గుంపుగా కూడా పోతాయి.

నడక ఎట్లుంటుందంటే, ముందువైపు పొర పల్చగా విసనకర్ర మాదిరి సాగుతుంది, లోపల ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులు పెరుగుతా దాన్ని తోస్తాయి, ఆ అంచు కింద అతుక్కుంటుంది, తర్వాత వెనకభాగం ముడుచుకోని ముందుకి వస్తుంది, మళ్ళీ మొదలు. సాగమనే స్విచ్ రాక్ అనే ప్రొటీన్, బిగించే స్విచ్ రో అనే ప్రొటీన్, వీటి పని 1992లో లండన్‌లో ఆన్ రిడ్లీ, అలన్ హాల్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టినారు. దారిలో కణాల మధ్య ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ వల అడ్డమొస్తే దాన్ని కోసే ఎంజైములు వదులుతాయి. ఆ రకం ఎంజైము 1962లో మొదట దొరికింది తోకకప్ప తోక కరిగిపోయేటప్పుడు. వాటిని ఆపే మందులు 1990ల్లో మనుషులకి ఇచ్చి చూసినారు, కుదర్లేదు, పైగా కీళ్ళనొప్పులు.

రక్తంలో పడినాక చాలావరకు చచ్చిపోతాయి, నూటికి ఒకటి మిగలడం కూడా కష్టమే. మిగిలింది ఎటు పోవాల? 2001లో తేలింది ఏందంటే రొమ్ము క్యాన్సర్ కణాల మీద సీఎక్స్‌సీఆర్4 అనే రిసెప్టర్, అంటే పిలుపు అందుకునే ప్రొటీన్, ఎక్కువగా ఉంటుంది, దాన్ని పిలిచే రసాయనం ఎముక మజ్జలో, ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, బిళ్ళల్లో దండిగా ఉంటుంది. పాజెట్ చెప్పిన నేలకి 112 ఏళ్ళకి ఒక పేరన్నా దొరికింది.

ఎముకలో దిగినాక ఆ కణాలు మన సొంత ఎముకని తినే కణాల్నే ఎగదోస్తాయి, ఎముక కరిగినప్పుడు అందులో దాచిపెట్టుకున్న పెరుగుదల రసాయనాలు బయటికొచ్చి క్యాన్సర్‌కే తిండి అవుతాయి. పెద్దమ్మకి ఎముకలకని పెట్టే డ్రిప్ పనిచేసేది ఆ తినే కణాల మీద. ఆ మందుతో దవడ ఎముక దెబ్బతినకుండా ముందు పళ్ళ డాక్టర్‌కి చూపించమన్నారు, పుచ్చిన దవడపన్ను ఒకటి తీయించి, ఆ పుండు పూర్తిగా మానినాకే మొదటి డ్రిప్ పెట్టినారు.