కీమోథెరపీలో జుట్టును కాపాడే సమ్మేళనాలు: వెనక్కి తీసుకున్న ఒక ఫలితం, ఆ తర్వాత

కీమోథెరపీ మొదలైన రెండు మూడు వారాలకు దువ్వెనకు కుచ్చులుగా చుట్టుకునే జుట్టు చాలామంది అనుకునేట్టు క్యాన్సర్ వల్ల ఊడేది కాదు, మందు వల్ల ఊడేది. తల వెంట్రుకల్లో అత్యధిక భాగం ఎప్పుడు చూసినా పెరిగే దశలోనే ఉంటాయి. కుదుళ్లలోని కణాలు ఆగకుండా విభజన చెందుతూ ఉంటాయి కనుక, విభజన చెందే కణాన్నల్లా దెబ్బతీసే మందుకు కణితీ కుదురూ ఒకటే.

మందు పనిచేసే ఆ కొద్దిసేపు కుదురును నిద్రపుచ్చితే సరిపోదా అన్న ఆలోచన ఇక్కడే పుట్టింది. కణవిభజనను నడిపే ఎంజైములను సైక్లిన్ ఆధారిత కైనేజులు, పొట్టిగా సీడీకేలు అంటారు. వాటిలో సీడీకే2ను అడ్డుకునే సమ్మేళనాలను గ్లాక్సో వెల్‌కమ్ పరిశోధకులు తయారుచేసి, కీమో మందులిచ్చిన ఎలుక పిల్లల చర్మంపై పూశారు. 33 నుంచి 50 శాతం పిల్లల్లో పూసినచోట జుట్టు నిలిచిందని 2001 జనవరిలో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. పైపూతను ఎంచుకోవడంలోనే తెలివంతా ఉంది. అదే సమ్మేళనం రక్తంలో కలిస్తే కణితి కూడా నిద్రపోయి మందు నుంచి తప్పించుకోవచ్చు. అదే ఏడాది సీడీకేలను, వాటిని పనిచేయించే సైక్లిన్లు అనే ప్రొటీన్లను వెలికితీసిన శాస్త్రవేత్తలు లేలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు నోబెల్ రావడంతో ఆశలకు బలం చేకూరింది.

కానీ ఎలుకల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. 2002 డిసెంబరులో ఆ పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. కూలిపోయింది ఆ సాక్ష్యమే కాని ఆలోచన కాదని నా అభిప్రాయం.

2019లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ పౌస్, తల్వీన్ పుర్బా బృందం మనుషుల తల నుంచి తీసిన కుదుళ్లను ప్రయోగశాలలో బతికించి, వాటిపై పాక్లిటాక్సెల్ అనే కీమో మందును ప్రయోగించింది. ముందుగా పాల్బోసిక్లిబ్ ఇచ్చిన కుదుళ్లలో మూలకణాలకు హాని తగ్గింది. ఇది సీడీకే4, సీడీకే6లను అడ్డుకునే మందు. రొమ్ము క్యాన్సర్‌కు 2015 నుంచీ అమెరికాలో వాడుకలో ఉన్నదే. చిత్రమేమిటంటే, మాత్రగా వేసుకున్నప్పుడు జుట్టు పలచబడటం దాని దుష్ప్రభావాల్లో ఒకటి.

ఆసుపత్రుల్లో మాత్రం ఎంజైముల ఊసులేని పద్ధతే నడుస్తోంది. మందు ఎక్కించే ముందూ, ఎక్కించేటప్పుడూ, ఆ తర్వాత కొంతసేపూ తలకు చల్లటి టోపీ తొడిగితే, రక్తనాళాలు ముడుచుకుని కుదుళ్లకు చేరే మందు తగ్గుతుంది. అలాంటి ఒక పరికరానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. రక్తక్యాన్సర్లకు దీన్ని వాడరు. చల్లబడిన మాడులో వ్యాధికణాలు కూడా మందుకు చిక్కకుండా మిగిలిపోవచ్చన్నదే కారణం.