పేజర్ మోగిన రోజు సిక్ లీవ్ పెట్టకండి

ఈ వేసవిలో ఇది నాలుగో ఫోన్. "అన్నా, రాత్రంతా ఫైర్ దగ్గరే ఉన్నా, ఒంట్లో బాలేదని బాస్‌కి మెసేజ్ పెట్టేశా, పర్లేదు కదా?" పర్లేదేంటి తమ్ముడూ, కొంప మునుగుతుంది.

నేనుండేది మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, ఇళ్ళు అయిపోయి గడ్డి భూములు మొదలయ్యే చోట. 2018 నుంచి ఇక్కడి సీఎఫ్ఏ (కంట్రీ ఫైర్ అథారిటీ, విక్టోరియా రాష్ట్రంలో మంటలార్పే సంస్థ) బ్రిగేడ్‌లో, అంటే స్థానిక దళంలో, వాలంటీర్‌ని. మంట లేచిందంటే మమ్మల్ని పిలిచేది పేజర్ మోతే. పొట్టకూటికి చేసేది పేరోల్ పని, అంటే ఉద్యోగుల జీతాలు, లీవుల లెక్కలు. కాబట్టి ఈ లీవుల గోల రెండు వైపుల నుంచీ చూస్తుంటా. కొత్తగా బ్రిగేడ్‌లో చేరిన మనవాళ్ళు దాదాపు అందరూ పడే గుంట ఒకటే: "బాస్ ఒప్పుకుంటేనే వెళ్ళాలి, ఒప్పుకోడేమో, అందుకని జ్వరమని చెప్పేద్దాం."

ఆస్ట్రేలియా ఉద్యోగ చట్టం ఫెయిర్ వర్క్ యాక్ట్ 2009లో కమ్యూనిటీ సర్వీస్ లీవ్ అని విడిగా ఒకటి ఉంది. గుర్తింపు ఉన్న అత్యవసర సేవా సంస్థలో సభ్యులై ఉండి, వాళ్ళు పిలిస్తే మంటలార్పడానికి వెళ్ళిన సమయం దీని కిందికి వస్తుంది. పోయి రావడానికి పట్టే సమయమూ వస్తుంది, తర్వాత తీసుకునే తగినంత విశ్రాంతి కూడా వస్తుంది. ఈ విశ్రాంతి సంగతి చాలామందికి తెలియదు. రాత్రంతా పొగలో ఉండి పొద్దున్నే కళ్ళు మూతలు పడుతుంటే కారు నడుపుకుంటూ ఆఫీసుకు పోతారు. ఏడాదికి ఇన్నే రోజులని పరిమితి లేదు, క్యాజువల్ ఉద్యోగులకూ వర్తిస్తుంది, మీ యాన్యువల్ లీవ్‌లోంచి ఒక్క గంట కూడా తగ్గదు. ముందే చెప్పి తీరాలనీ లేదు. వీలైనంత త్వరగా చెప్పాలి, ఎంతసేపు పట్టొచ్చో చెప్పాలి, అంతే. ట్యాంకర్ (మా ఫైరింజన్) ఎక్కాక చెప్పినా చెల్లుతుంది. రుజువు అడిగే హక్కు బాస్‌కి ఉంది, అడిగితే కెప్టెన్ దగ్గర లెటర్ తీసుకుని ఇవ్వండి. ఈ కారణంతో ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం, మీరు లేకపోవడం ఆ పరిస్థితుల్లో సమంజసమైనంత వరకు.

ఆ 'సమంజసం' అన్న మాట చిన్నదేం కాదు, దాని దగ్గరికి మళ్ళీ వస్తా.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేనూ ఆ గుంటలో పడ్డవాడినే. 2020 జనవరిలో విక్టోరియా తూర్పున గిప్స్‌ల్యాండ్ ప్రాంతం తగలబడుతున్నప్పుడు స్ట్రైక్ టీమ్‌లో వెళ్ళా, అంటే ఐదు ట్యాంకర్లు, ఒక కమాండ్ బండి. ఆఫీసుకి మాత్రం వైరల్ ఫీవర్ అని చెప్పా. మూడో రోజు బ్రిగేడ్ వాళ్ళు ఫేస్‌బుక్‌లో ఫోటో పెట్టారు, మొహమంతా మసి, చేతిలో సాండ్‌విచ్, నవ్వుతూ నేను. తిరిగొచ్చాక మేనేజర్ ఫోన్ తీసి ఆ ఫోటో చూపించి "జ్వరం తగ్గిందా?" అన్నాడు. వార్నింగ్ లెటర్ ఇచ్చారు, మంటలార్పినందుకు కాదు, అబద్ధం చెప్పినందుకు. నిజం చెప్పి ఉంటే నన్ను ఏమీ అనలేకపోయేవాళ్ళు. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే ఆ లీవ్ కోడ్ మా పేరోల్ సిస్టమ్‌లోనే ఉంది, నేను రోజూ చూసే స్క్రీన్‌లో, సిక్ లీవ్‌కి నాలుగు లైన్ల కింద.

భయం నాకు అర్థమవుతుంది. వీసా టెన్షన్, ఇంటి లోన్, ప్రొబేషన్, వీటి మధ్య హక్కుల గురించి మాట్లాడటం తేలిక కాదు. అందుకే చెప్పేదేదో అక్టోబర్‌లోనే, ఎండలు ముదరక ముందే, బాస్‌తో కూర్చుని చెప్పండి. నాకు ఇప్పుడున్న బాస్‌తో ఒప్పందం ఇది: గురువారం పేరోల్ రన్, ఆ రోజు పేజర్ మోగినా కదలను. మిగతా రోజుల్లో చెత్తడబ్బా తగలబడిందని పరిగెత్తను, గడ్డి మంట అయితే వెళ్తా. ఐదుగురితో నడిచే షాపులో ఒకడు మాయమైతే ఓనర్‌కి ఎంత కష్టమో కూడా చూడాలి కదా. చిన్న కంపెనీలకు ఈ చట్టం నుంచి మినహాయింపేమీ లేదు, కానీ సమంజసం అన్నది తేలేది ఇలాంటి చోటే.

ఇక మిగతావి. జీతం వస్తుందా? చట్టప్రకారం రాదు, ఇది అన్‌పెయిడ్. కొన్ని కంపెనీల ఎంటర్‌ప్రైజ్ అగ్రిమెంట్లలో (కంపెనీకి, ఉద్యోగులకు మధ్య ఒప్పందం) జీతంతో కొన్ని రోజులుంటాయి, మీది తీసి చదవండి. పది రోజులు జీతం ఇస్తారని ఎవరో అన్నారంటే అది జ్యూరీ డ్యూటీ, అంటే కోర్టు జ్యూరీలో కూర్చోవడానికి వెళ్ళేవాళ్ళ సంగతి, దీనికి సంబంధం లేదు. ట్రైనింగ్ రోజులు ఈ లీవ్‌లోకి రావు, నిజంగా అత్యవసరం ఉండాలి. గాయపడితే వాలంటీర్లకు పరిహారం స్కీమ్ ఉంది, "మన చావు మనదే" అనే పుకారు దయచేసి ఆపండి. ఇంకా "రోజుకి 300 డాలర్లు గవర్నమెంట్ ఇస్తుంది" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ ఒకటి. అది 2019-20లో అడవులు భారీగా తగలబడ్డ 'బ్లాక్ సమ్మర్'లో ప్రకటించింది, ఒక్కొక్కరికి 6,000 డాలర్ల పరిమితితో, పది రోజులకు మించి పనిచేసి ఆదాయం పోగొట్టుకున్న వాళ్ళకి. ప్రతి వేసవీ వచ్చేది కాదది.

తెనాలిలో మా అమ్మకి ఇప్పటికీ ఇదంతా ఎక్కదు. "అదేంట్రా, అంత డబ్బున్న దేశంలో ఫైరింజన్ వాళ్ళకి జీతాలివ్వరా?" అంటుంది. ఇస్తారమ్మా, సిటీలో జీతం ఫైర్‌ఫైటర్లున్నారు. 2020 జులై నుంచి వాళ్ళందరూ ఫైర్ రెస్క్యూ విక్టోరియా కిందికి వెళ్ళారు, సీఎఫ్ఏ బ్రిగేడ్లలో మంటలార్పేది మాలాంటి వాలంటీర్లే. ఆవిడ ఇదంతా విని "సరేలే, అన్నం తిన్నావా" అంటుంది.

బాస్‌కి పంపాల్సిన మెసేజ్ ఇంతే: "రాత్రి రెండింటి నుంచి సీఎఫ్ఏ ఫైర్‌లో ఉన్నాను. ఈ రోజు కమ్యూనిటీ సర్వీస్ లీవ్, ఇంటికెళ్ళి పడుకుంటాను, రేపు వస్తాను. కెప్టెన్ లెటర్ కావాలంటే పంపుతాను." పొద్దున ఫోన్ చేసిన తమ్ముడికి ఇదే చెప్పా, జ్వరం మెసేజ్ వెనక్కి తీసుకుని బాస్‌కి ఫోన్ చేయమన్నా. సాయంత్రం మళ్ళీ చేశాడు. బాస్ పావుగంట క్లాస్ పీకాడట, తర్వాత లీవ్ కోడ్ మార్చాడట.