మూత లెక్క మానండి: ఇంటి మొక్కల మందులు, అపోహలు - వాస్తవాలు

పోయిన వారం నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి ఒక రిటైర్డ్ మాష్టారు డెండ్రోబియం ఆర్కిడ్ కుండీని ఒళ్లో పెట్టుకుని ఆటోలో మా నర్సరీకి వచ్చారు. ఆకుల కొనలు కాఫీపొడి రంగుకి తిరిగాయి. మొగ్గలు రాలి కుండీలో బొగ్గుముక్కల మీద పడున్నాయి. "ఏదో తెగులు అబ్బాయ్, రెండుసార్లు మందు కొట్టినా తగ్గలా" అన్నారు.

తెగులు కాదు, మందే. చుక్క జారి ఆగిన చోటల్లా ఆకు మాడింది. "ఎంత కలిపారు సార్?" అంటే, "మా బామ్మర్ది మిరపతోటకి కొట్టగా మిగిలింది ఇచ్చాడులే, ఒక మూత పోశా."

ఈ 'మూత' నాకు రోజూ వినపడేదే.

అపోహ: మందు కాస్త ఎక్కువైతే పురుగు గట్టిగా చస్తుంది.

బామ్మర్దికి ఫోన్ చేస్తే అది ప్రొఫెనోఫాస్ 50 ఈసీ అనే పురుగుమందని తేలింది (ఈసీ అంటే సాల్వెంట్‌లో, అంటే ఒక ద్రావకంలో, కరిగించిన మందు). పొలంలోనే లీటరుకి 2 మి.లీ. కొడతారు. మందు వచ్చింది కూల్‌డ్రింక్ సీసాలో. అట్లాంటి మూతలో సిరంజితో నీళ్లు పోసి చూపించాను, 6 మి.లీ. పట్టింది. మాష్టారి స్ప్రే బాటిల్ అర లీటరుది. అంటే లీటరుకి 12, పొలం మోతాదుకి ఆరు రెట్లు. అదీ బట్టలు ఆరేసుకునే బాల్కనీలో. ఇంకో పురుగుమందు ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్ఎల్ (నీళ్లలో కరిగే రకం) అయితే లీటరుకి 0.3 మి.లీ. చాలు. అదే మూతతో పోస్తే నలభై రెట్లు! డబ్బా మీద ఎకరం లెక్క రాసుంటే, ఎకరానికి పట్టే నీళ్లతో భాగించుకోవాలి. మెడికల్ షాపులో ఒక 1 మి.లీ. సిరంజి కొనుక్కోండి, దాన్ని ఇంక దేనికీ వాడబాకండి.

ఈసీ మందుల్లో ఉండే సాల్వెంటే ఆర్కిడ్ పువ్వుని, లేత ఆకుని ముందు కాల్చేది. పురుగుకి చేరేలోపు మొక్క పోతుంది.

మరి అంత పోసినా పురుగెందుకు చావలేదు? ఉన్నది పిండినల్లి. ఒంటి నిండా మైనపు పొడి, గుడ్లేమో దూది సంచిలో, కాడ మీది ఎండుపొర కింద. మందు అక్కడికి పోదు. పొర ఒలిచి, సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన చెవిపుల్లతో తుడిచాం. పది నిమిషాల పని. గుడ్లు పగిలి వచ్చే పిల్లల కోసం వారానికోసారి ఇంకో రెండుసార్లు తుడవాలి. అమెరికాలో ఉన్న కూతురు వీడియో కాల్‌లో ఆ మొక్కని చూపించమంటుందంట, ఆ కంగారుతోనే రెండోసారి కొట్టానన్నారు. ఆయన్ని ఏమనగలం?

నాకు కోపమొచ్చింది సీసా మీద. లేబుల్ లేదు, విషం ఎంతో చెప్పే రంగు త్రికోణం లేదు, విరుగుడు పేరు లేదు. సెలవులకి మనవలొచ్చే ఇల్లది. 2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు, వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు తేలింది. ఎవరైనా మందు మింగితే వాంతి చేయించబాకండి. 108కి ఫోన్ చేసి, డబ్బా వెంట తీసుకెళ్లండి.

అపోహ: ఇంట్లో చేసుకున్నదైతే భయం లేదు.

ఒంగోలు, కందుకూరు వైపు వాళ్లు "మన పొగాకే కదా" అని కషాయం కాచి వట్టి చేతుల్తో పిండుతారు. నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది. నికోటిన్ సల్ఫేట్ మందుని మన దేశంలో వాడకుండా 1992లోనే నిషేధించారు. పైగా పొగాకు మొజాయిక్ వైరస్ మీ టమాటా కుండీకి అంటుకుంటే ఏ మందూ లేదు. వేపనూనె సంగతా? నేనూ తక్కువ తినలేదు. కొత్తలో రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం వేపనూనె కొట్టి రెండు వరసల వాండా ఆర్కిడ్ల ఆకులు ఉడకబెట్టుకున్నాను. సాయంత్రం కొట్టాలి, అదీ ముందు ఒక ఆకు మీద చూసుకుని.

మిగతావి చకచకా. ఎర్రనల్లి కీటకం కాదు, సాలీడు జాతిది, ఇమిడాక్లోప్రిడ్‌కి చావదు. దోమల స్ప్రే మొక్కలకి కాదు, ఆకు మాడుతుంది. నువాన్ అడగబాకండి, అందులో ఉండే డైక్లోర్‌వాస్ మందుని మన దేశంలో 2020 ఆఖరుతో నిషేధించారు. అక్వేరియం పక్కన ఏదీ కొట్టబాకండి.

మాష్టారు సిరంజి జేబులో పెట్టుకుని, మిగిలిన మందు సింకులో పోసేద్దామా అన్నారు. వద్దు సార్, సీసా మీద పెద్దక్షరాలతో పేరు రాసి బామ్మర్దికే తిరిగిచ్చెయ్యండి, మిరపతోటలో పనికొస్తుంది అన్నాను.